డీసీఎం అంటే ఏ బండి?

గండిమైసమ్మ చౌరస్తా పెద్ద కూడలి. బాలానగర్ నుంచి నర్సాపూర్ పోయే రోడ్డు, మేడ్చల్ నుంచి మియాపూర్ పోయే రోడ్డు ఇక్కడ కలుస్తాయి. పగలూ రాత్రీ బండ్లు తిరుగుతూనే ఉంటాయి. కంకర లారీ, ఇటుక లారీ, కూరగాయల బండి, కాలేజీ బస్సు.

ఇల్లు మారి సామాను తరలించాలంటే ఇక్కడివాళ్ళు ఏమంటారు? "ఒక డీసీఎం మాట్లాడు" అంటారు. డీసీఎం వస్తుంది. దాని ముందర రాసిన పేరు చదివి చూడండి. అక్కడ ఐషర్ అని ఉంటుంది. లేదంటే టాటా అని ఉంటుంది. డీసీఎం అని మాత్రం ఉండదు.

కొత్తగా చదువు నేర్చిన ఒక క్లీనరుకు ఇదే అనుమానం వచ్చింది.

"అన్నా, అందరూ డీసీఎం అంటరు. బండి మీద ఆ పేరు లేదు గదా?"

"ఆ కంపెనీ ఎప్పుడో పోయింది తమ్మీ. పేరు మన నోట్లనే మిగిలింది" అన్నాడు డ్రైవరు.

డ్రైవరు చెప్పింది నిజమే. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. 1889లో పుట్టిన బట్టల మిల్లు. బట్టల మిల్లుకు లారీతో ఏం పని? 1980ల మొదట్లో మన దేశంలో పెద్ద లారీలు చేసేవి ముఖ్యంగా రెండే కంపెనీలు. ఒకటి టాటా, రెండోది అశోక్ లేలాండ్. చిన్న లారీల కొరత ఉండేది. అప్పుడు కేంద్ర ప్రభుత్వం జపాను కంపెనీలతో కలిసి చిన్న లారీలు చేయడానికి నాలుగు కంపెనీలకు అనుమతి ఇచ్చింది. బట్టల మిల్లువాళ్ళు టయోటాతో కలిశారు. అదే డీసీఎం టయోటా. పంజాబు ట్రాక్టర్లవాళ్ళు మాజ్డాతో కలిశారు. అది స్వరాజ్ మాజ్డా. ఐషర్‌వాళ్ళు మిత్సుబిషితో కలిశారు. నాలుగోది మన ఆల్విన్. అది నిస్సాన్‌తో కలిసింది.

ఆల్విన్ పేరు పెద్దవాళ్ళకు బాగా తెలుసు. 1942లో నిజాం కాలంలో హైదరాబాదులో పుట్టిన కంపెనీ అది. తరువాత ప్రభుత్వ కంపెనీగా నడిచింది. బస్సులకు బాడీలు కట్టింది. ఫ్రిజ్‌లు చేసింది. చేతి గడియారాలు కూడా చేసింది. ఆల్విన్‌లో ఉద్యోగం అంటే పిల్లనిచ్చేవాళ్ళు వెనుకాడేవాళ్ళు కాదు. గండిమైసమ్మ నుంచి బాచుపల్లి మీదుగా మియాపూర్ పోతే ఈనాటికీ ఆల్విన్ చౌరస్తా ఉంది.

ఆ చౌరస్తా నుంచి ముంబాయి రోడ్డు పట్టుకొని పోతే జహీరాబాద్ వస్తుంది. అప్పుడు అది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. ఆల్విన్ నిస్సాన్ లారీల కార్ఖానా అక్కడే పెట్టారు. 1980ల మధ్యలో లారీలు బయటికి వచ్చాయి. వెనుకబడిన ప్రాంతానికి కార్ఖానా వచ్చిందని జనం సంతోషపడ్డారు.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, ఇంజను పార్టులు, గేరుబాక్సు పార్టులు చాలావరకు జపాను నుంచి పెట్టెల్లో వచ్చేవి. వాటికి జపాను డబ్బు యెన్‌లో వెల కట్టాలి. 1985 తరువాత యెన్ విలువ బాగా పెరిగింది. పెట్టె అదే, అందులోని సామాను అదే. కాని దానికి ఇచ్చే రూపాయలు పెరిగిపోయాయి. లారీ ధర కూడా పెరగక తప్పలేదు. అదే సమయంలో, 1986లో, టాటా వాళ్ళు 407 అనే చిన్న లారీ తెచ్చారు. అది ఇక్కడే తయారైన బండి. పార్టులు ఊరూరా దొరికేవి. కొనేవాడు ఏది కొంటాడు? నాలుగు జపాను బండ్లకూ దెబ్బ తగిలింది.

1980ల చివర్లో ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయింది. కొంతకాలం కంపెనీ పేరులో మహీంద్రా, నిస్సాన్, ఆల్విన్ మూడూ ఉన్నాయి. తరువాత అది మహీంద్రాలోనే కలిసిపోయింది. ఆల్విన్ అనే మాట లారీ మీద నుంచి చెరిగిపోయింది. తల్లి కంపెనీ కూడా నష్టాల్లో పడింది. 1990లలో దాని ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. ఆల్విన్ గడియారాలు కూడా బజారులో లేకుండా పోయాయి.

కాని జహీరాబాద్ కార్ఖానా మూతపడలేదు. మహీంద్రా అక్కడ ఆటోలు చేసింది. 2013లో ట్రాక్టర్ల కార్ఖానా కూడా తెరిచింది. పేరు పోయింది, పని ఉంది. డీసీఎం సంగతి దీనికి తలకిందులు. అక్కడికి కొరియా దేశపు దేవూ కంపెనీ వచ్చింది. లారీలు పక్కనబెట్టి కార్లు చేసింది. 2000లో కొరియాలో దేవూ మోటార్స్ దివాలా తీసింది. ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్ కార్ఖానా మూతపడింది. పని పోయింది, పేరు ఉంది. కూలిపోయిన కంపెనీ పేరును ఇక్కడివాళ్ళు ఇంతకాలం నోట్లో మోశారు!

ఐషర్ నిలబడింది. 2008లో స్వీడన్ దేశపు వోల్వోతో కలిసింది. పేరు మాత్రం బండి మీద అట్లాగే ఉంది.

ఇక మిగిలింది స్వరాజ్ మాజ్డా. కొన్నాళ్ళకు మాజ్డా తప్పుకుంది. జపానుకే చెందిన సుమిటోమో, ఇసుజు కంపెనీలు ముందుకు వచ్చాయి. 2011లో కంపెనీ పేరు ఎస్ఎంఎల్ ఇసుజు అయింది. 2025 ఏప్రిల్‌లో మరో కబురు వచ్చింది. సుమిటోమోకు ఉన్న వాటా, ఇసుజుకు ఉన్న వాటా, రెండూ మహీంద్రా కొంటోంది. వందకు దాదాపు 59 వాటాలు. వెల 555 కోట్ల రూపాయలు. కొనడం ఆగస్టులో పూర్తయింది. కంపెనీ పేరు ఎస్ఎంఎల్ మహీంద్రాగా మారింది. నలుగురు అన్నదమ్ముల్లో ఇద్దరు ఇట్లా ఒకే ఇంటికి చేరారు.

"అయితే మన సేటు కొన్న బస్సు సంగతేంది అన్నా? పార్టులు దొరుకుతయా?" అని అడిగాడు క్లీనరు.

ఇది మంచి ప్రశ్న. కంపెనీని అమ్మడం అంటే అన్నిసార్లూ ఒకటే కాదు. వాటాలు అమ్మితే యజమాని మారతాడు, కంపెనీ అదే ఉంటుంది. దాని అప్పులు, కార్మికుల జీతాలు, బండికి ఇచ్చిన గ్యారంటీ అన్నీ ఆ కంపెనీ మీదనే ఉంటాయి. ఎస్ఎంఎల్‌లో జరిగింది ఇదే. కార్ఖానాను మాత్రమే అమ్మితే అట్లా కాదు. పాత బాకీలు ఎవరివో కాగితంలో రాసుకున్నదాన్ని బట్టి ఉంటుంది. పేరును ఒక్కదాన్నే కూడా అమ్మవచ్చు. చట్టం ప్రకారం రిజిస్టరు చేసిన పేరు కూడా పొలం లాంటి ఆస్తే. కొన్నవాడు దాన్ని వాడుకోవచ్చు. వాడకుండా మూలన పడేయవచ్చు.

మహీంద్రాకు సొంత లారీలు ఉన్నాయి. సొంత పేరు ఉంది. 2025లో కొనే నాటికి 3.5 టన్నులు దాటిన బండ్ల అమ్మకాల్లో దాని వాటా వందకు మూడే ఉండేది. ఎస్ఎంఎల్ కలిస్తే ఆరు అవుతుందని అప్పటి లెక్క. ముఖ్యంగా బస్సుల్లో బలం వస్తుంది. అందుకే కొన్నారు. ఒకే రకం బండ్లు రెండు పేర్ల మీద ఎంతకాలం చేస్తారు? ఒకే ఊళ్ళో రెండు షోరూములు ఎంతకాలం నడుపుతారు? పంజాబులోని కార్మికులకూ, ఇక్కడ కిస్తీలు కట్టే బస్సు యజమానికీ ఇదే దిగులు. పాత బండి నమూనా ఆపేస్తే పార్టులు మెల్లగా కరువవుతాయి. అమ్మబోతే ధర పడిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. 2007లో మహీంద్రా పంజాబు ట్రాక్టర్ల కంపెనీని కొన్నది. స్వరాజ్ ట్రాక్టరు పేరు తీసేస్తారని చాలామంది అనుకోవచ్చు. తీయలేదు. రైతుకు ఆ పేరు మీద నమ్మకం ఉంది, అమ్మకం ఉంది. ఈనాటికీ పొలాల్లో స్వరాజ్ ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. ఆల్విన్‌కు ఆ అదృష్టం పట్టలేదు.

"మరి ఈ బస్సు ఆల్విన్ లెక్క అయితదా, స్వరాజ్ లెక్క అయితదా?"

"అమ్ముడుపోతే స్వరాజ్ లెక్క. పోకుంటే ఆల్విన్ లెక్క. సేటుకు చెప్పు, బిల్లులు, గ్యారంటీ కాయితాలు పదిలంగ పెట్టమని."

డ్రైవరు చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. అంతలో చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు గట్టిగా అరిచాడు. "ఏయ్ డీసీఎం! జర పక్కకు పెట్టు!"

క్లీనరు తిరిగి చూశాడు. బండి ముందర పెద్ద అక్షరాలు ఉన్నాయి. కూడబలుక్కుని చదివాడు. ఐషర్.