మిషను ఎందుకు ఊగుతోంది?

ఆమె బట్టలు కుడుతుంది. ఊళ్లో అందరూ మిషనక్క అంటారు. సంఘంలో అప్పు తీసుకుని కుట్టుమిషను కొన్నది. కాలితో తొక్కే మిషను. అప్పు ఇంకా తీరలేదు.

ఈ మధ్య మిషను ఊగుతోంది. తొక్కితే టకటకమని చప్పుడు. కుట్టు వంకర పోతోంది. నిన్న పెళ్లివారి జాకెట్టు కుడుతుంటే సూది పుటుక్కున విరిగింది. పట్టుబట్టకు చిల్లి పడింది. వాళ్లకు ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

"పాత ఇనుము వాడికి వేసెయ్" అన్నాడు ఇంటాయన. పట్నం నుంచి మెకానిక్కును పిలిస్తే వాడి కూలి ఇవ్వాలి. రాను పోను ఖర్చు ఇవ్వాలి. ఆ రోజు కుట్టు కూలి కూడా పోతుంది.

సాయంత్రం వెనక వీధి పిన్ని వచ్చింది. ఆవిడ ఇరవై ఏళ్లుగా కుడుతోంది.

"మిషను పాడైపోయింది పిన్నీ."

"పాడైందని ఎవరు చెప్పారే? ఊగుతోంది, అంతే. ఎక్కడ ఊగుతోందో చూశావా?"

"నాకేం తెలుస్తుంది? అది మగవాళ్ల పని గదా."

"నులక మంచం వదులైతే ఎవరు బిగిస్తారు? నువ్వే గదా. కొడవలి పిడి ఊడితే చీలిక పెడతావు గదా. ఇదీ అంతే. పానా, స్క్రూడ్రైవరు పట్టుకురా."

మిషను ఎలా నడుస్తుంది?

1851లో అమెరికాలో ఐజాక్ సింగర్ అనే ఆయన తన కుట్టుమిషనుకు పేటెంటు పొందాడు. అది కాలితో తొక్కే మిషను. మన ఇళ్లలోని తొక్కుడు మిషను ఇప్పటికీ అదే పద్ధతిలో నడుస్తుంది.

కాలు పెడలును తొక్కుతుంది. పెడలుకు ఒక నిలువు కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ కింది పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. పెద్ద చక్రం నుంచి బెల్టు పైకి పోతుంది. బెల్టు పైనున్న చిన్న చక్రాన్ని తిప్పుతుంది. పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే చిన్న చక్రం మూడు నాలుగు సార్లు తిరుగుతుంది. చిన్న చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక కుట్టు పడుతుంది.

అందుకే కింద కొంచెం వదులున్నా పైన కుదుపు తెలుస్తుంది. వెతకడం కింది నుంచి మొదలుపెట్టాలి. ఒకటి సరిచేసి, తొక్కి చూడాలి. ఆ తరువాతే రెండోది ముట్టుకోవాలి. అన్నీ ఒకేసారి విప్పితే తప్పు ఎక్కడుందో తెలియదు.

పని మొదలుపెట్టే ముందు బెల్టు తీసెయ్యాలి. లేకపోతే తెలియక కాలు తగిలి సూది వేలిలో దిగుతుంది. కరెంటు మోటారు ఉంటే ప్లగ్గు పీకెయ్యాలి.

మొదట నేల

పిన్ని మిషను బల్ల నాలుగు మూలలా అరచేత్తో నొక్కింది. ఒక మూల నొక్కితే "టక్" మన్నది. కిందికి వంగి చూసింది. ఒక కాలి కింద కాగితం మడత నలిగి ఉంది.

"ఇది నేనే పెట్టాను పిన్నీ" అన్నది మిషనక్క.

కాగితం నలిగిపోతుంది. రాయి జారిపోతుంది. పాత సైకిలు ట్యూబు ముక్క మడిచి పెడితే కదలదు. పాత చెప్పు రబ్బరు ముక్క అయినా సరే. దీనికి ఖర్చు లేదు.

రెండోది ఇనుప కాళ్లు

కాళ్లను కలుపుతూ వెనక అడ్డ కమ్మీలు ఉంటాయి. వాటి బోల్టులు రోజూ తొక్కుడుకు వదులవుతాయి. పానాతో బిగించాలి. ఒకే బోల్టును పూర్తిగా బిగించరాదు. అన్నిటినీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. అప్పుడు కాళ్లు వంకర పోవు. వాషరు పోయిన చోట కొత్తది వేయాలి.

మిషనక్క చేతికి రెండు బోల్టులు వదులుగా దొరికాయి. తానే బిగించింది.

మూడోది చెక్క బల్ల

బల్లను కాళ్లకు పట్టి ఉంచేవి స్క్రూలు. చెక్కలో రంధ్రం పెద్దదైతే స్క్రూ ఊరికే తిరుగుతుంది, బిగియదు. అప్పుడు మందు తీసేసిన అగ్గిపుల్లలను జిగురులో ముంచి రంధ్రంలో దూర్చాలి. పైకి వచ్చిన ముక్కలు కోసెయ్యాలి. ఒక రాత్రి ఆరనివ్వాలి. తెల్లారి అదే స్క్రూ బిగిస్తే గట్టిగా పట్టుకుంటుంది.

నాలుగోది తల

పైనున్న నల్లటి ఇనుప భాగాన్ని తల అంటారు. అది వెనక రెండు బందుల మీద ఉంటుంది. తలను వెనక్కి వంచి బందుల స్క్రూలు బిగించాలి. తల బరువు సుమారు 10, 12 కిలోలు ఉంటుంది. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు బిగించాలి.

అయిదోది పెడలు, చక్రం

బెల్టు లేకుండా పెద్ద చక్రాన్ని పట్టుకుని పక్కలకు కదిపి చూడాలి. పెడలును కూడా కదిపి చూడాలి. లొడలొడ ఆడితే దాని స్క్రూలు వదులైనట్టు. పక్కనున్న నట్టు వదులు చేసి, స్క్రూ కొంచెం తిప్పి, మళ్లీ నట్టు బిగించాలి. మరీ బిగిస్తే కాళ్లు లాగుతాయి. చేత్తో ఒకసారి తోస్తే చక్రం తనంతట తాను కొన్ని చుట్లు తిరగాలి. అదే సరైన బిగువు.

కదిలే ప్రతిచోట ఒక చుక్క మిషను నూనె వేయాలి. కొబ్బరినూనె, ఆముదం వేయరాదు. అవి జిగటగా గడ్డకడతాయి. అలా గడ్డకడితే కిరసనాయిలు గుడ్డతో తుడిచి, తరువాత మిషను నూనె వేయాలి. ఈ పని పొయ్యికి దూరంగా చేయాలి. నూనె వేశాక ముందు పాత గుడ్డ మీద కుట్టాలి. లేకపోతే మంచి బట్టకు మరక అవుతుంది.

ఆరోది బెల్టు

బెల్టు వదులైతే జారుతుంది. అప్పుడు కొసన కొంచెమే కోసి, కొక్కెం మళ్లీ పెట్టాలి. ఎక్కువ కోస్తే బిగుసుకుని తొక్కుడు బరువవుతుంది.

చివరిది సూది

"ఇన్ని చూశాం. మరి సూది ఎందుకు విరిగింది పిన్నీ?"

"బల్ల ఊగుతుంటే నువ్వేం చేశావు?"

"కుట్టు వంకర పోతోందని బట్టను చేత్తో లాగాను."

"అదీ సంగతి. బట్టను లాగితే సూది వంగుతుంది. వంగిన సూది కింది రేకుకు తగిలి విరుగుతుంది."

సూది వంగిందో లేదో చూడాలంటే దాని చదును వైపును అద్దం మీద పెట్టాలి. సూదికీ అద్దానికీ మధ్య సందు పొడవునా సమంగా ఉంటే సూది మంచిది. పాత సూది ఎటు తిరిగి ఉందో చూసుకుని తీయాలి. కొత్తది అటే పెట్టి, పైదాకా తోసి, స్క్రూ బిగించాలి. పలుచని బట్టకు 11 నంబరు సూది, మామూలు నూలు బట్టకు 14, మందం బట్టకు 16 లేదా 18 వాడాలి.

మెకానిక్కు ఎప్పుడు కావాలి?

సూదిని పట్టుకునే కడ్డీ పక్కలకు ఆడితే మెకానిక్కు కావాలి. చిన్న చక్రం ఇరుసు కదులుతున్నా, ఇనుప కాలికి పగులు వచ్చినా మనం ముట్టుకోరాదు. మెకానిక్కుకు "మిషను పాడైంది" అని చెప్పరాదు. "సూది కడ్డీ పక్కకు ఆడుతోంది" అని చెప్పాలి. ఏ పనికి ఎంత తీసుకుంటాడో ముందే అడగాలి. అప్పుడు లేని రిపేరుకు డబ్బు పోదు.

మిషనక్క సూదులు, మిషను నూనె కొన్నది. ఖర్చు ఒక జాకెట్టు కుట్టు కూలి దాటలేదు. మర్నాడు పట్టు జాకెట్టు మళ్లీ తీసింది. చిల్లి కుట్టు లోపలికి పోయేలా మడిచి కుట్టింది. పెళ్లివారికి జరిగింది చెప్పి, చూపించి ఇచ్చింది.

ఆ రాత్రి నోటుపుస్తకం తీసి ఇలా రాసుకుంది: "ఈ రోజు బోల్టులు బిగించాను. నూనె వేశాను. సూది మార్చాను." పక్కన తేదీ వేసింది.

మాట్లాడుకోండి

1. మిషను ఊగితే ముందుగా ఎక్కడ చూడాలి? ఎందుకు?

2. కొబ్బరినూనె ఎందుకు వేయరాదు?

3. మీ ఇంట్లో ఊగేవి, వదులైనవి ఏమున్నాయి? వాటిలో మీరే బిగించగలిగినవి రాయండి.