హాస్య వైజ్ఞానిక కథలు: అనుసరణ, కొనసాగింపు

ఒక కథ వేరొక మాధ్యమంలోకో వేరొక భాషలోకో మారితే అనుసరణ అంటాం. ఆగినచోటి నుంచి అదే కథ ముందుకు సాగితే కొనసాగింపు అంటాం. ఈ రెండింటినీ అంచనా వేసేటప్పుడు ‘మూలంలో ఉన్నట్లే ఉందా?’ అని అడగడం మనకు అలవాటు. ఆ ఒక్క ప్రశ్న ఎందుకు చాలదో ఈ పాఠ్యభాగంలో తెలుసుకొంటారు.

1. మాధ్యమం మారినప్పుడు

డగ్లస్ ఆడమ్స్ రాసిన ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ 1978లో బీబీసీ రేడియో నాటకంగా మొదలైంది. 1979లో నవలగా, 1981లో టెలివిజన్ ధారావాహికగా, 2005లో సినిమాగా వచ్చింది. అంటే చాలామంది మూలమనుకొనే నవల కూడా ఒక అనుసరణే. ఈ కథలో అంతరిక్ష రహదారికి అడ్డం వచ్చిందని భూమినే కూల్చివేస్తారు. అంతటి విపత్తును ఒక మార్గదర్శక గ్రంథం తొణక్కుండా వివరిస్తుంది. నవ్వు పుట్టేది అక్కడే. రేడియోలో వినిపించే ఆ గొంతు నవలలో కథకుడి వాక్యమైంది, టెలివిజన్‌లో బొమ్మల వెనుక వ్యాఖ్యానమైంది. రూపం మారినా ఆ ధోరణి నిలిచింది.

2. నేల మారినప్పుడు

సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) చిత్రానికి హెచ్.జి. వెల్స్ నవల ‘ది టైమ్ మెషీన్’ (1895) స్ఫూర్తి. వెల్స్ యాత్రికుడు భవిష్యత్తులోకి, క్రీ.శ. 8,02,701కి వెళతాడు. తెలుగు చిత్రంలో కాలయంత్రం మొదట 1526కు, శ్రీకృష్ణదేవరాయల కాలానికి చేరుతుంది.

రాయలనే ఎందుకు ఎంచుకొన్నారు? పామిడిముక్కల, మొవ్వ ప్రాంతాల విద్యార్థులకు జవాబు దగ్గరలోనే ఉంది. ఘంటసాల మండలంలోని శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని రాయలు ‘ఆముక్తమాల్యద’ అవతారికలో చెప్పుకొన్నాడు. తెలుగువారి జ్ఞాపకంలో రాయలు అంతగా నాటుకొన్నాడు. తెనాలి రామకృష్ణుడు తెరపైకి రాగానే హాస్యానికి వేరే పరిచయం అక్కరలేదు. ఈ కాలపు మనుషులు ఆ కొలువులో పడే తికమక నవ్విస్తుంది.

ఆ తరువాత యంత్రం 2504కు వెళుతుంది. వెల్స్ కథలో భూగర్భంలో ఉండేవారు శ్రామికుల వారసులని యాత్రికుడు ఊహిస్తాడు. అది వర్గభేదాన్ని గురించిన భయం. తెలుగు చిత్రంలో అణుయుద్ధం వల్ల మనుషులు భూగర్భానికి చేరతారు. భయం మారింది, హెచ్చరిక మిగిలింది.

3. రచయిత మారినప్పుడు

ఆడమ్స్ అయిదో నవల (1992) విషాదంగా ముగిసింది. మరికొంత ఆశావహంగా ముగించాలని ఉందని ఆయనే చెప్పారు కాని, 2001లో మరణించారు. ఆయన భార్య అనుమతితో ఓయిన్ కోల్ఫర్ 2009లో ఆరో నవల రాశారు. పాత్రలను, సంఘటనలను మరొకరు అందుకోవచ్చు. వాక్యంలోని చమత్కారాన్ని అందుకోవడం కష్టం. కొనసాగింపుకు అసలు పరీక్ష ఇదే.

సారాంశం

పోల్చేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: నవ్వు ఎక్కడ పుడుతోంది? కొత్త రూపంలో అది నిలిచిందా? మారిన అంశం కొత్త పాఠకుడికి ఏమి ఇచ్చింది? మూలాన్ని అక్షరాలా అనుసరించి నవ్వును పోగొట్టుకొన్న రచన కన్నా, కథను మార్చి నవ్వును నిలుపుకొన్న రచనే మూలానికి దగ్గరిది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

‘ఆదిత్య 369’కు కొనసాగింపుగా ‘ఆదిత్య 999 మ్యాక్స్’ను ప్రకటించారు. అటువంటి చిత్రం మొదటిదాని నుంచి తప్పక నిలుపుకోవలసినది ఏది? పది వాక్యాలలో రాయండి.