రంగు పూయని చెక్క ఆకులు

 

భోజనాల హాలు గోడకు తగిలించిన చెక్క ఆకుల పలక మీరందరూ చూసే ఉంటారు. "ఏ కంపెనీ రంగు వేసినారు?" అని చాలామంది అడుగుతున్నారు. ఏ రంగూ వేయలేదు. అందులో కనిపించే లేత పసుపు, గోధుమ, ఎరుపు, బూడిద, నలుపు అన్నీ చెట్లు ఇచ్చినవే. అది ఎట్ల చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఎందుకు చేయాలో ఈ నెల గోడపత్రికలో రాస్తున్నాను. ఓపికగా చదవండి.

1. ఆకు రాలే కాలం ఎప్పుడు?

అమెరికా, యూరప్ లాంటి చలి దేశాల్లో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఆకులు పసుపు, ఎరుపు రంగులకు మారి రాలిపోతాయి. ఆ కాలంలో అక్కడివాళ్లు చెక్కతో ఆకులు కోసి ఇంటి గోడలకు అలంకరించుకుంటారు. ఆ కాలాన్ని మన పుస్తకాల్లో శరదృతువు అని రాస్తారు. కానీ మన శరత్తు అంటే ఆశ్వయుజం, కార్తీకం. అనంతపురం పీఠభూమిలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది. అంటే వాళ్లకు ఆకు రాలే నెలల్లో మనకు కొండలు కూడా పచ్చగా ఉంటాయి. మన శరత్తులో ఆకు రాలదు, చేతులు మారుతుంది. దసరా నాడు జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతాము కదా, అదీ మన శరత్తు ఆకు.

మనకు ఆకు రాలేది శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో. చలికి కాదు, నీళ్లు లేక. ఆకు అడుగున కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా చెట్టులోని నీళ్లు ఆవిరై పోతుంటాయి. నేలలో తేమ తగ్గినప్పుడు కూడా ఆకులన్నీ ఉంచుకుంటే చెట్టు ఎండిపోతుంది. అందుకని ఆకులో ఉన్న సత్తువను వీలైనంత వెనక్కి లాక్కుంటుంది, పత్రహరితం విరిగిపోతుంది, దాని కింద దాగిన పసుపు బయటపడుతుంది. తర్వాత కాడ మొదట్లో బెండు లాంటి పొర ఏర్పడి ఆకు ఊడిపోతుంది. గాయం ముందే మూసుకుపోయి ఉంటుంది కాబట్టి అక్కడ నీళ్లు కారవు. ఎర్రటి ఆకులు చూడాలంటే చలి దేశం పోనక్కరలేదు. నాటు బాదం చెట్టు రాలేముందు ఆకులను ఎర్రగా చేస్తుంది.

2. ఆకు రాల్చిన చెట్టు చచ్చిన చెట్టు కాదు

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. మాఘమాసంలో బోడిగా నిలబడిన చెట్టును చూసి "ఎండిపాయె, కొట్టేద్దాం" అంటారు. పొయ్యిలోకి కట్టెలు అవసరమే. కానీ ఆ చెట్టు చాలాసార్లు బతికే ఉంటుంది. వేప ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాల్చి కొద్ది వారాలకే రాగి రంగు చిగురు వేస్తుంది. మోదుగ ఆకులన్నీ వదిలేసి పూలు పూస్తుంది. ఆ రోజుల్లో గొడ్డలి వేస్తే ఉగాదికి చిగురు చూడలేము.

చెట్టు బతికుందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. సన్న కొమ్మ బెరడును గోటితో కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ ఎండింది. ఒక కొమ్మ ఎండితే చెట్టంతా ఎండినట్టు కాదు, ఇంకో రెండు మూడు చోట్ల గీకి చూడాలి.

అందుకే చెక్క ఆకులకు ఒక నియమం పెట్టుకున్నాము. దీని కోసం ఏ చెట్టు మీదా కత్తి పెట్టకూడదు. పనికిరాదని పారేసిన చెక్కే వాడాలి.

3. చెక్క ఎక్కడ దొరుకుతుంది?

వడ్రంగి ఆచారి దగ్గరికి పోయి మర్యాదగా అడిగితే అంచు ముక్కలు ఇస్తాడు. విరిగిన బెంచీ, పాత తలుపు, పండ్ల పెట్టెలు, ఎద్దుల బండి ముక్కలు, కట్టెల మోపులో మిగిలిన మొద్దులు అన్నీ పనికొస్తాయి. పాత చెక్కతో ఇంకో లాభం ఉంది. పచ్చి చెక్క ఎండేటప్పుడు కుంచించుకుపోయి పగులుతుంది, వంకర పోతుంది. అంగుళం మందం పలక గాలికి ఆరడానికి ఏడాది పడుతుందని పనివాళ్ల లెక్క. పాత తలుపు ఎప్పుడో ఆరిపోయింది కాబట్టి ఆ బాధ లేదు.

ఏ చెట్టు ఏ రంగు ఇస్తుందో రాస్తున్నాను.

మామిడి: లేత బూడిద కలిసిన గోధుమ. మెత్తగా తెగుతుంది. కొత్తవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలి.
కానుగ: తెలుపు, లేత పసుపు.
వేప: లోపలి చేవ ఎర్ర గోధుమ, బయటి భాగం తెల్లన.
టేకు: బంగారు గోధుమ. రాను రాను ముదురుతుంది.
నల్లతుమ్మ: గులాబీ ఛాయ గోధుమ. గాలికి ఎరుపెక్కుతుంది. గట్టి చెక్క.
చింత: పైభాగం లేత పసుపు, నడిమి చేవ మాత్రం ముదురు ఊదా గోధుమ.
సర్కారు తుమ్మ: ఎర్ర గోధుమ. అమెరికా ఖండాల నుంచి వచ్చి మన బీళ్లన్నీ ఆక్రమించింది. కట్టెలమోపులో ఎక్కువగా ఉండేది ఇదే. ఎండినాక పెద్దగా వంకర పోదు.

ఇవన్నీ మన నేల రంగులే. ఎర్రమట్టి, గడ్డి, బండ, బూడిద. సున్నం గోడ మీద కంటికి హాయిగా ఉంటాయి.

4. కావలసినవి

సన్న పళ్ల రంపం, చిన్న ఉలి, బరమా, ఆకురాయి, 80, 150, 220 నంబర్ల ఉప్పు కాగితం, ఫెవికాల్, అవిసె నూనె లేదా తేనెమైనం, పాత గుడ్డ. అరగదీసే ఇనుప పనిముట్టును మనవాళ్లు ఆకురాయి అంటారు. ఆకు చేయడానికి ఆకురాయి, పేరు బాగా కుదిరింది.

5. చేసే పద్ధతి

మొదట నిజమైన ఆకు తెచ్చుకోండి. కింద రాలినదే. దాన్ని పుస్తకంలో రెండు రోజులు పెట్టి, అట్ట మీద ఉంచి చుట్టూ పెన్సిలుతో గీయండి. రావి ఆకుకు పొడుగు తోక, మర్రి ఆకు దొప్పలాగా గుండ్రంగా, మోదుగకు మూడు ఆకులు, వేపాకు కొడవలిలా వంగి అంచున పళ్లు. మర్రి ఆకు గీసేవాళ్లు కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును గుర్తు చేసుకోండి. సుమారు 5 ఎకరాలు పరుచుకున్న ఆ ఒక్క చెట్టు 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. 2022 ఏప్రిల్ నుంచి ఆ చోటు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

రెండో పని. పావు అంగుళం మందం చెక్క మీద అట్ట పెట్టి గీయండి. చెక్కలో గీతలు పోయే దిక్కును చూడండి. ఆకు పొడవు ఆ గీతల వెంబడే ఉండాలి. అడ్డంగా పెడితే రావి ఆకు తోక పుటుక్కున విరిగిపోతుంది.

మూడో పని. చెక్కను బల్లకు బిగించి, గీతకు కొంచెం బయటగా రంపంతో కోయండి. మిగిలింది ఆకురాయితో అరగదీయండి. తర్వాత 80 నంబరు, 150, చివర 220 కాగితంతో చెక్క గీతల వెంబడే రుద్దండి. అడ్డంగా రుద్దితే గీరలు పడి నూనె రాసినాక కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

నాలుగో పని ఈనెలు. ఉలితో సన్న గాడి తీయవచ్చు. అది కష్టమైతే బరమాతో వరుసగా సన్న చిల్లులు వేయండి. ఇది మన తోలుబొమ్మల వాళ్ల పని చూసి నేర్చుకున్నది. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో మేకతోలు మీద ఉలితో చిల్లులు కొట్టి నగలు, పూలు చూపిస్తారు. వెనక దీపం పెడితే చిల్లుల గుండా వెలుతురు వస్తుంది. బొమ్మలాట చూసేవాళ్లు తగ్గినాక వాళ్లు అదే విద్యతో దీపాల గుమ్మటాలు, గోడ బొమ్మలు చేసి బతుకు నిలబెట్టుకున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఐదో పని. పగుళ్లు ఉంటే మక్కు పెట్టండి. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. కొండపల్లి బొమ్మలకు ముక్కలు అతికేది దీనితోనే. ఏ చెక్కకు ఆ చెక్క పొట్టే కలపండి, రంగు కలిసిపోతుంది.

ఆరో పని. 2 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు పలక మీద 15 ఆకులు పేర్చండి. ముందు అతికించకుండా పేర్చి దూరం నుంచి చూడండి. లేత రంగు పక్కన ముదురు రంగు ఉంటే రెండూ తేటగా కనిపిస్తాయి. కొన్ని ఆకుల కింద చిన్న బిళ్ళ పెడితే పైకి లేచినట్టు నీడ పడుతుంది. నచ్చినాక అతికించండి.

6. నలుపు కావాలంటే

దీనికీ రంగు డబ్బా అక్కరలేదు. పచ్చి మామిడికాయను ఇనుప కత్తితో కోస్తే కత్తి నల్లబడుతుంది చూడండి. వగరుకు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో ఊరబెట్టి కసిమి చేస్తారు. కరక్కాయ రసంలో ముంచిన బట్ట మీద దాన్ని గీస్తే నల్ల గీత వస్తుంది.

మనం కూడా తుప్పు మేకులు, బెల్లం, నీళ్లు మట్టికుండలో వేసి రెండు మూడు వారాలు ఉంచాలి. పొంగి గాలి పుడుతుంది, కాబట్టి మూత గట్టిగా బిగించకుండా గుడ్డ కట్టాలి. వడగట్టి తుమ్మ చెక్క మీద రాస్తే కొంచెంసేపటికి బూడిద రంగు, మళ్లీ రాస్తే నలుపు వస్తుంది. తుమ్మలో వగరు ఎక్కువ. మామిడిలో తక్కువ కాబట్టి ముందు చిక్కటి టీ డికాషన్ రాసి ఆరబెట్టి, ఆ తర్వాత ఈ నీళ్లు రాయాలి. ముందు పనికిరాని ముక్క మీద రాసి చూడండి.

7. చివరి మెరుగు

మన జిల్లాలో శెనక్కాయ నూనెకు కొదవ లేదు గానీ చెక్కకు అది వద్దు. అది ఆరదు. జిడ్డుగా ఉండి దుమ్ము పట్టి, కొన్నాళ్లకు కంపు కొడుతుంది. అవిసె నూనె గాలికి ఆరి పొరలా గట్టిపడుతుంది. పల్చగా రాసి, పావుగంట తర్వాత మిగిలింది తుడిచి, రెండు మూడు రోజులు ఆరనివ్వండి. నూనె దొరకకపోతే తేనెమైనం రుద్ది గుడ్డతో గట్టిగా తోమినా చాలు.

8. జాగ్రత్తలు

అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయొద్దు. నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. తీగ మీద విడిగా ఆరేయండి, లేదా నీళ్లలో నానబెట్టండి. హాస్టల్లో మనం ఇంతమందిమి పడుకుంటాము, ఇది మరవొద్దు.

ఉలి ఎప్పుడూ మన చేతికి ఎదురుగా నడపకూడదు. అరగదీసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆరుబయట చేయండి. రంపం పట్టేటప్పుడు పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. 6, 7 తరగతుల తమ్ముళ్లు గీయడం, రుద్దడం, పేర్చడం చేస్తే చాలు. పలక వెనక రెండు బిళ్ళలు కొట్టి గోడకు కొంచెం ఎడంగా తగిలించండి. తేమ తగలదు, చెదలు వస్తే ముందే కనపడతాయి.

9. వెనక పక్క రాయవలసినది

ప్రతి ఆకు వెనక ఆ చెట్టు పేరు, ముక్క ఎక్కడిదో పెన్సిలుతో రాయండి. "వేప, పాత తలుపు." "చింత, కట్టెల మోపు." మనం పోయినాక వచ్చే పిల్లలకు అదే పాఠం.

ఇంకొక్క మాట. మా తాండాలో ఆకు రాలే నెలల్లోనే పెద్దవాళ్లు మూటలు కట్టుకొని బెంగళూరు పనులకు పోతారు. మనలో చాలామంది యాడీ బాపులు అట్ల పోయినవాళ్లే. బోడి చెట్టును చూసినట్టే, తాళం వేసిన ఇళ్లను చూసి "ఆ తాండా పని అయిపోయింది" అనేవాళ్లు ఉన్నారు. చెట్టు నీళ్లు లేని కాలంలో బతకడానికి ఆకు రాలుస్తుంది. మనవాళ్లూ అంతే. వాన పడితే వచ్చి విత్తనం వేస్తారు. వేరు ఇక్కడే ఉంది.

కాబట్టి మిత్రులారా, ఈ శిశిరంలో ఒక్కో గది ఒక్కో పలక చేద్దాం. మంచి చెక్క ముక్క కనిపిస్తే పొయ్యిలోకి పోకముందే అడిగి తీసి పెట్టండి. ఎవరైనా బోడి చెట్టు మీద గొడ్డలి ఎత్తితే, "అన్నా, ఒక్క నిమిషం" అని చెప్పి, ముందు బెరడు గీకి చూపించండి.

ఇట్లు,
9వ తరగతి, మీ హాస్టల్ మిత్రుడు