కేన్సర్ వస్తే చుట్టాలెందుకు దూరమవుతారు?

మన పెద్దలు కేన్సర్‌ని రాచపుండు అనేవారు. ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించేవారు. ఇప్పటికీ చాలామంది తగ్గిస్తారు. మలేరియా వచ్చిందని చెప్పడానికి ఎవరూ గొంతు తగ్గించరు కదా! కణాలు అదుపు తప్పి విభజన చెందడమే కేన్సర్ అని మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఆ జబ్బు ఇంట్లోని మనుషుల మధ్య ఏం చేస్తుందో మాత్రం పాఠాల్లో ఉండదు. అందుకూ కారణాలున్నాయి. వాటిలో కొన్ని అచ్చంగా జీవశాస్త్రానికి చెందినవే.

నిజామాబాద్ జిల్లాలోని జక్రాన్‌పల్లి వంటి ఊరిని తీసుకుందాం. చుట్టూ పసుపు చేలు, మొక్కజొన్న, వరి. ఈ జిల్లాలో ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని తునికాకులో తంబాకు చుట్టి బీడీలు చేస్తారు. మగవాళ్లు చాలామంది దుబాయి, మస్కట్ వెళ్లి పనిచేస్తున్నారు. ఇక్కడ ఒక రైతుకు, తంబాకు నమిలే అలవాటున్న ఆయనకు, బుగ్గ లోపల మానని పుండు లేచిందనుకుందాం. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే కేన్సర్ అని తేలింది.

మొదట వచ్చేది అంటుకుంటుందన్న భయం. ఆయన గ్లాసు వేరు, పళ్లెం వేరు అవుతాయి. చుట్టాలు గడప దగ్గరే నిలబడి పలకరిస్తారు. నిజానికి కలిసి తిన్నా, తాకినా కేన్సర్ అంటదు. ఒకరి కణం మరొకరి ఒంట్లోకి వెళితే, అది పరాయిదని రక్షణ వ్యవస్థ గుర్తుపట్టి చంపేస్తుంది. జంతువుల్లో దీనికి ఒక వింత మినహాయింపు ఉంది. టాస్మేనియన్ డెవిల్ అనే ఆస్ట్రేలియా జంతువులు ఒకదాన్నొకటి కరుచుకుంటే మొహం మీది కేన్సర్ అంటుకుంటుంది. 1996లో దీన్ని మొదటిసారి గమనించారు. మనుషుల్లో కొన్ని కేన్సర్లకు కారణమయ్యే వైరస్‌లు, ఉదాహరణకు కాలేయానికి సోకే హెపటైటిస్-బి, ఒకరినుంచి ఒకరికి రావచ్చు. దానికి టీకా ఉంది. కానీ మన రైతు పక్కన కూర్చుని అన్నం తిన్నంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు.

ఇక్కడ తమాషా ఏమిటంటే, జాగ్రత్త పడవలసింది ఎదుటి వైపు నుంచి. కేన్సర్ మందులు త్వరత్వరగా విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీస్తాయి. జుట్టు రాలేది అందుకే. ఎముక మజ్జలో పుట్టే తెల్ల రక్తకణాలూ తగ్గుతాయి. మందు ఎక్కించిన వారం, రెండు వారాలకు అవి బాగా తక్కువగా ఉంటాయి. అప్పుడు మన మామూలు జలుబు కూడా ఆయనకు ప్రమాదమే. అంటే పలకరించడానికి వచ్చిన చుట్టం వల్ల రోగికి హాని జరగవచ్చు గాని, రోగి వల్ల చుట్టానికి కాదు.

వైద్యానికి హైదరాబాదు వెళ్లాలి. 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆస్పత్రి అక్కడ రెడ్‌హిల్స్‌లో ఉంది. నోటి కేన్సర్‌కు రేడియేషన్ ఇస్తే సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు పడుతుంది. అన్నాళ్లూ భార్య తోడుండాలి. ఇక్కడ పసుపు తవ్వి, ఉడికించి, ఆరబెట్టే రోజులైతే ఆ పని ఎవరు చూడాలి? తొమ్మిదో తరగతి చదివే కూతురు వంట చేస్తుంది, బడి మానుతుంది. అమెరికాలో 7 లక్షల 30 వేలకు పైగా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, పెళ్లయినవారు మిగతావారికన్నా ఎక్కువగా బతికి బయటపడినట్టు తేలింది. పెళ్లిలో మందేమీ లేదు. ఆస్పత్రికి పదమని పట్టుబట్టే మనిషి, వెంట వచ్చే మనిషి ఇంట్లో ఉండటమే ముఖ్య కారణమని వారి అభిప్రాయం.

తిరిగి వచ్చాక అసలు పేచీ అన్నం దగ్గర మొదలవుతుంది. నాలుక మీది రుచి కణాలు సుమారు పదిరోజులకొకసారి కొత్తవి పుడుతుంటాయి. విభజన చెందే కణాలు గనుక రేడియేషన్‌కు అవి చస్తాయి. లాలాజల గ్రంథులూ దెబ్బతిని నోరు ఎండిపోతుంది. అన్నం గడ్డిలా ఉంటుంది, కారం నిప్పులా మండుతుంది. భార్య ఇష్టంగా చేసిన పచ్చిపులుసు ఆయన పక్కకు నెట్టేస్తాడు. ఆమెకు కోపం, ఆ వెనుక ఏడుపు. తన వంటనే కాదు, తననే వద్దన్నట్టు తోస్తుంది. రుచి చాలామందికి కొన్ని నెలల్లో మెల్లగా తిరిగి వస్తుందనీ, లాలాజలం మాత్రం కొందరిలో పూర్తిగా రాదనీ ముందే తెలిసి ఉంటే సగం తగవులు ఉండేవి కావు. ఈ సంగతి డాక్టర్లు చెప్పినా, ఆ రోజు భయంలో ఎవరి చెవికీ ఎక్కదు.

రేడియేషన్ గురించి ఇంకో అపోహ. బయటి యంత్రం నుంచి వచ్చే కిరణాలు టార్చిలైటు వెలుగులాంటివి. మీట ఆపగానే ఏమీ మిగలవు. చిన్నపిల్లలు ఆయన ఒళ్లో కూర్చోవచ్చు. థైరాయిడ్ జబ్బుకు రేడియో ధార్మిక అయోడిన్ మింగినవారు మాత్రం కొద్దిరోజులు ఎడంగా ఉండాలి.

ఇక దాపరికం. దుబాయిలో ఉన్న కొడుకుకు ఫోనులో "పంటి నొప్పి" అని చెబుతారు. కూతురి సంబంధం చెడుతుందని వాడకట్టులో చెప్పరు. (వంశపారంపర్యంగా వచ్చే జన్యువుల వల్ల కలిగే కేన్సర్లు నూటికి అయిదు నుంచి పది మాత్రమే!) కొన్ని ఇళ్లలో రోగికే చెప్పరు. గ్లేసర్, స్ట్రౌస్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు ఆస్పత్రుల్లో కూర్చుని గమనించి 1965లో ఒక పుస్తకం రాశారు. రోగికి తెలుసు, ఇంటివాళ్లకూ తెలుసు, అయినా ఇరువైపులా తెలియనట్టే నటిస్తారని అందులో వర్ణించారు. ఆ నటన వల్ల మనసులోని మాట చెప్పుకోవడానికి మనిషి దొరకడు. అక్కడి డాక్టర్లు కూడా అంతే. 1961లో అడిగితే నూటికి 90 మంది రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో అదే అడిగితే 97 మంది చెబుతామన్నారు. పద్దెనిమిదేళ్లలో ఎంత తేడా! మన దగ్గర, కేన్సర్‌తో మరణించిన తన భార్య బసవతారకం పేరిట ఎన్.టి. రామారావు తలపెట్టిన ఆస్పత్రి 2000లో హైదరాబాదులో మొదలైంది. గొంతు తగ్గించి చెప్పుకునే జబ్బుతో ఒక ఇల్లాలి పేరు పెద్ద బోర్డు మీదకెక్కింది.

పిల్లలకు చెప్పకపోతే వాళ్లే కారణాలు ఊహించుకుంటారు. నేను అల్లరి చేసినందుకే నాన్నకు ఇలా అయిందని చిన్నపిల్లలు అనుకోవడం మామూలే. "నీవల్ల కాదు" అని నోరు తెరిచి చెప్పాలి.

చుట్టాలు మరో రకం కష్టం తెస్తారు. అదే సలహా. పసుపు పండే ఊరు గనుక "పసుపు తాగించండి, ఆ మందులు మానండి" అంటారు. పసుపులోని కర్క్యుమిన్ మీద ప్రయోగశాలల్లో పరీక్షలు జరిగాయి గాని, వైద్యానికి బదులుగా అది పనిచేస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు.

స్నేహితులు చాలాసార్లు చెడ్డతనంతో దూరం కారు. ఏం మాట్లాడాలో తెలియక రేపు, ఎల్లుండి అంటూ మానేస్తారు. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి మీ తరగతిలోనే ఉంటే, "ఏం కాదులే" అనకండి. ఆ మాటతో ఆమె చెప్పబోయింది గొంతులోనే ఆగిపోతుంది. "ఏమైనా కావాలంటే చెప్పు" అన్నా ఆమె అడగదు. ఆ వారం రాసుకున్న లెక్కల నోటుబుక్కు పట్టుకుని వెళ్లండి, కాసేపు కూర్చోండి. మీకు జలుబుంటే మాత్రం తగ్గేదాకా ఆగండి.