స్పీడోమీటరు: మైళ్లా, కిలోమీటర్లా?

కొడంగల్ మీదుగా హైదరాబాదు-బిజాపూరు రోడ్డుపై ఇంగ్లండు నుండి తెచ్చిన పాతకారొకటి పోవుచున్నదనుకొందము. బోర్డుపై వేగపరిమితి 50. ముల్లును 50 పైననే ఉన్నది. అయినను డ్రైవరుది తప్పే! ముల్లు చూపునవి మైళ్లు. మైలుకు 1.609 కిలోమీటర్లు గనుక అసలు వేగము 80.

ఇట్టి స్పీడోమీటరులో కేబులుతో తిరుగు అయస్కాంతము అల్యూమినియం గిన్నెలో సుడి విద్యుత్ప్రవాహములను పుట్టించి, గిన్నెను తనవెంట లాగును. సన్నని స్ప్రింగు దానిని నిలువరించును. ముల్లు తిరుగు కోణము వేగమునకు అనుపాతములో ఉండును. కావున ముల్లును ముట్టనక్కరలేదు. 50 ఉన్నచోట 80 వ్రాసిన డయలు చాలును.

చిక్కంతయు దూరమును లెక్కించు అంకెల చక్రములతోనే. వాటి పండ్లచక్రముల నిష్పత్తిని మార్చనిచో, 100 కిలోమీటర్లు నడిచినను 62 అనియే చూపును. పోనీ, కేబులునే 1.609 రెట్లు వేగముగా త్రిప్పుదమా? దూరము సరిపడును గాని, ముల్లుకూడ అంతరెట్లు ముందుకు పోవును. క్రొత్త డయలు తప్పగును, పాత డయలే కిలోమీటర్లను చూపును!