చవక మల్టీమీటర్: సరిదిద్దగలిగేది, సరిదిద్దలేనిది

చర్ల మండలంలో తాలిపేరు ఆయకట్టు కింది పొలం మోటారు దగ్గర నుంచి బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే బల్ల దాకా, కరెంటు పని ఉన్నచోటల్లా అరచేతిలో ఇమిడే మల్టీమీటర్ ఒకటి ఉంటుంది. రెండు మూడు వందల రూపాయలకు దొరికే డీటీ 830 రకం. చిన్న చిన్న మార్పులతో దాని లెక్కను సరిచేయొచ్చు. భద్రత సంగతి మాత్రం వేరు.

ఈ మీటరు వంశం పాతదే. బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు డొనాల్డ్ మెకాడీ వోల్టులకు, ఆంపియర్లకు, ఓములకు వేర్వేరు పరికరాలు మోసే బాధ తప్పించాలని రూపొందించిన ఏవో మీటర్ 1923లో మార్కెట్లోకి వచ్చింది. ముల్లు పోయి అంకెలు వచ్చింది 1950ల తొలినాళ్లలో, అమెరికాలో ఆండ్రూ కే స్థాపించిన నాన్ లీనియర్ సిస్టమ్స్ చేతుల మీదుగా. ధర దిగింది మాత్రం 1970ల చివర్లో ఇంటర్‌సిల్ కంపెనీ తెచ్చిన ఐసీఎల్ 7106 చిప్ వల్ల. నేటి చవక మీటర్లలో నల్లటి బొట్టు కింద దాగి ఉండేది చాలావరకు ఆ చిప్పో, దాని నకలో.

అది కొలిచే పద్ధతి ముచ్చటైనది. కొలవాల్సిన వోల్టేజీతో ఒక కెపాసిటర్‌ను 1000 టిక్కుల సేపు నింపుతుంది. తర్వాత తన దగ్గరున్న ప్రామాణిక వోల్టేజీతో దాన్ని ఖాళీ చేస్తూ, ఎన్ని టిక్కులు పట్టాయో లెక్కపెడుతుంది. ఆ లెక్కే తెరమీది అంకె. నింపేదీ ఖాళీ చేసేదీ అదే కెపాసిటర్, అదే గడియారం కాబట్టి వాటి లోపాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది ప్రామాణిక వోల్టేజీ ఒక్కటే. 100 మిల్లీవోల్టులు ఉండాల్సిన అది ఒక శాతం తగ్గితే వోల్టు, కరెంటు రీడింగులన్నీ ఒక శాతం పెరుగుతాయి. మీటరులోని 9 వోల్టుల బ్యాటరీ నీరసించినప్పుడు ప్రమాణం కూడా జారిపోవచ్చు. అప్పుడు మనం కొలిచే చచ్చిన బ్యాటరీ కూడా బతికే ఉన్నట్టు మీటరు చూపిస్తుంది. అందుకే మొదటి మరమ్మతు కొత్త బ్యాటరీ.

రెండోది, లోపల వీఆర్ 1 అని రాసి ఉండే చిన్న తిప్పుడు రెసిస్టర్. నమ్మకమైన మీటరుతో కొలిచిన 1.5 వోల్టుల సెల్‌ను పెట్టి, రెండింటి అంకెలూ కలిసేదాకా దాన్ని కొద్దికొద్దిగా తిప్పాలి. మూత తీసి చేసే పని కాబట్టి సెల్ తప్ప మరేదీ తగలనివ్వకూడదు. బోర్డు మీద మిగిలిన సోల్డరింగ్ ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చిన్న లీకేజీలూ పోతాయి.

కొన్ని లోపాలు తిప్పుడుకు లొంగవు. ఈ రకం మీటర్ల లోపలి నిరోధం సాధారణంగా 1 మెగా ఓము, మంచి మీటర్లది 10. రెండు 100 కిలో ఓముల రెసిస్టర్లను వరుసగా 9 వోల్టులకు కలిపితే మధ్యలో 4.5 ఉండాలి. ఈ మీటరు పెట్టగానే అక్కడ 4.29కి పడిపోతుంది. కొలిచే పనే కొలతను మార్చేసింది. ఇన్వర్టర్ ఇచ్చే చదరపు తరంగాన్ని కొలిస్తే ఏసీ రీడింగు 11 శాతం ఎక్కువ చూపుతుంది.

ఇక భద్రత. 10 ఆంపియర్ల సాకెట్ వెనుక ఉండేది చాలా మీటర్లలో లావుపాటి తీగ ముక్క, ఫ్యూజు ఉండదు. ప్రోబు అందులో మరిచిపోయి 230 వోల్టుల సాకెట్‌లో పెడితే నేరుగా షార్టే. మీటరు మీది ఆ 10 ఆంపియర్ల సాకెట్‌ను మూసేయడం ఉత్తమం. మిల్లీ ఆంపియర్ల గాజు ఫ్యూజు పెద్ద కరెంటుకు పేలి, నిప్పురవ్వను ఆపలేకపోవచ్చు; ఇసుక నింపిన సిరామిక్ ఫ్యూజు ఆ నిప్పును ఆర్పుతుంది. సన్నటి ప్రోబు వైర్లు మార్చి మందమైన ఇన్సులేషన్ ఉన్నవి వేసుకోవాలి.

అయితే మంచి వైర్లు వేసినంత మాత్రాన మీటరు మంచిదైపోదు. క్యాట్ 3, 600 వోల్టుల భద్రతా గుర్తు నిజంగా పొందాలంటే మీటరు 6000 వోల్టుల మెరుపు దెబ్బను తట్టుకోవాలి. దానికి బోర్డు మీద రాగి దారుల మధ్య ఎడం, దళసరి డొప్ప, రక్షణ భాగాలు తయారీలోనే ఉండాలి. ఇంట్లో సోల్డరింగ్‌తో అవి రావు. వానాకాలం పిడుగులు పడే అటవీ ప్రాంతపు లైన్లలో ఈ తేడా ప్రాణాలతో ముడిపడి ఉంటుంది.

కాబట్టి సరిచేసుకున్న చవక మీటరును సెల్‌లకు, సోలార్ దీపాలకు, రేడియో బోర్డులకు ఉంచుకోండి. త్రీఫేజ్ స్టార్టర్ డబ్బా తెరవాల్సి వస్తే నిజమైన క్యాట్ 3 మీటరు కొనండి. లేదంటే అది ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.