సింగపూరు - న్యూయార్కు విమాన ప్రయాణం: దూరం, కాలం

సింగపూరు, న్యూయార్కు నగరాల మధ్య ఎక్కడా ఆగకుండా సాగే విమాన ప్రయాణం ప్రపంచంలోని అతి దీర్ఘమైన విమాన ప్రయాణాలలో ఒకటి. ఈ నగరాల మధ్య కనిష్ఠ దూరం సుమారు 15,340 కిలోమీటర్లు. ప్రయాణానికి 18 నుండి 19 గంటలు పడుతుంది. దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చే కాలానికీ, వాస్తవంగా పట్టే కాలానికీ తేడా ఎందుకు ఉంటుందో ఈ మార్గాన్ని పరిశీలిస్తే తెలుస్తుంది.

దూరాన్ని లెక్కించే విధానం

గోళం మీద రెండు స్థలాల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తం వెంట ఉంటుంది. భూగోళాన్ని రెండు సమాన భాగాలుగా విభజించే వృత్తమే మహావృత్తం. సింగపూరు 1.4° ఉత్తర అక్షాంశం, 104° తూర్పు రేఖాంశం వద్ద, న్యూయార్కు 40.6° ఉత్తర అక్షాంశం, 73.8° పశ్చిమ రేఖాంశం వద్ద ఉన్నాయి. రేఖాంశాల మధ్య తేడా దాదాపు 178°. అనగా ఈ నగరాలు భూగోళంపై ఇంచుమించు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. అందుచేత దగ్గరి దారి ఉత్తర ధ్రువానికి సమీపం నుండి పోతుంది. సింగపూరు నుండి ధ్రువానికి 88.6°, ధ్రువం నుండి న్యూయార్కుకు 49.4°, మొత్తం 138°. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే సుమారు 15,345 కిలోమీటర్లు వస్తుంది. గోడ పటంలో ఈ దారి కనిపించదు, గ్లోబు మీద దారం పెట్టి చూస్తే తెలుస్తుంది.

ప్రయాణ కాలం

గంటకు 900 కిలోమీటర్ల వేగంతో లెక్కిస్తే 17 గంటలు చాలు. కాని విమానం ఎల్లప్పుడూ దగ్గరి దారిలోనే వెళ్ళదు. సుమారు 9 నుండి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుండి తూర్పుకు జెట్ ప్రవాహాలు అనే బలమైన గాలులు వీస్తాయి. వీటి సాయం పొందడానికి న్యూయార్కు వెళ్ళే విమానాలు తరచుగా పసిఫిక్ మహాసముద్రం మీదుగా చుట్టు దారిలో వెళతాయి. తిరుగు ప్రయాణంలో ఆనాటి గాలులను బట్టి అట్లాంటిక్ మీదుగానో, ధ్రువ ప్రాంతం మీదుగానో మార్గాన్ని నిర్ణయిస్తారు.

గడియారపు వేళలను తీసివేసి ప్రయాణ కాలాన్ని కనుగొనడం పొరపాటు. న్యూయార్కు వేసవిలో సింగపూరు కంటే 12 గంటలు, శీతకాలంలో 13 గంటలు వెనుక ఉంటుంది. వేసవిలో సోమవారం తెల్లవారుజామున 2 గంటలకు సింగపూరులో బయలుదేరి 18 గంటల 40 నిమిషాలు ప్రయాణిస్తే, న్యూయార్కులో అదే సోమవారం ఉదయం 8 గంటల 40 నిమిషాలవుతుంది. స్థానిక వేళలను మాత్రమే చూసేవారికి ఇది 6 గంటల 40 నిమిషాల ప్రయాణంగా తోస్తుంది.

ఇంధనం, చరిత్ర

ఇంత దూరానికి కావలసిన ఇంధనం మోయడానికే కొంత ఇంధనం ఖర్చవుతుంది. సింగపూరు ఎయిర్‌లైన్స్ సంస్థ 2004 జూన్ 28న న్యూయార్కు సమీపంలోని న్యూవర్క్‌కు నాలుగు ఇంజన్ల ఎయిర్‌బస్ ఏ340-500 విమానాలతో ఈ ప్రయాణాన్ని ప్రారంభించింది. ఇంధన వ్యయం భారమై 2013 నవంబరులో నిలిపివేసింది. రెండు ఇంజన్లతో తక్కువ ఇంధనం వాడే ఏ350-900 యూఎల్‌ఆర్ విమానం వచ్చాక, 2018 అక్టోబరు 11న పునఃప్రారంభించింది. 2020 నవంబరులో న్యూయార్కులోని కెన్నెడీ విమానాశ్రయానికి కూడా సర్వీసు మొదలైంది.

ఈ విమానంలో 1,65,000 లీటర్ల వరకు ఇంధనం పడుతుంది. బరువు తగ్గించడానికి 161 సీట్లు మాత్రమే అమర్చారు, సాధారణ ఎకానమీ తరగతి లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగి వెళ్ళే విమానంలో ప్రయాణం మరికొన్ని గంటలు ఎక్కువైనా, ఆ తరగతి టిక్కెట్టు దొరుకుతుంది. కాబట్టి ప్రయాణికుడు ఆదా చేసే కాలానికి టిక్కెట్టు ధర రూపంలో మూల్యం చెల్లించవలసి ఉంటుంది.